ముద్దతల

మొన్న మా ఆవిడను నంద్యాలలో ఒక ఆసుపత్రిలో చేర్పించాను. పిత్తాశయంలో రాళ్ళు. పెద్ద ఆపరేషన్ కాదని డాక్టరుగారు నవ్వుతూనే చెప్పారు గాని, డాక్టర్లు నవ్వుతూ చెప్పేవాటికే నాకు భయమెక్కువ. పొద్దున టిఫిన్ల వేళకు ఆమెను లోపలికి తీసుకెళ్ళి, పచ్చగౌను తొడిగి, మంచం మీద పడుకోబెట్టారు. నేను బయట కౌంటరు దగ్గర నిలబడి సిస్టరమ్మ అడిగేవాటికి జవాబులు చెబుతున్నాను. పేరు, వయసు, ఊరు, షుగరుందా, బీపీ ఉందా. ఆమె అడగడం, నేను చెప్పడం, ఆమె నొక్కడం. అయ్యవారు చెప్పే మంత్రాలను పెండ్లికొడుకు అప్పజెప్పినట్టు సాగిపోతోంది వ్యవహారం.

"పడని మందులు ఏమన్నా ఉండాయా సార్?"

"లేవమ్మా."

ఆమె నొక్కింది. అప్పుడు నా కన్ను తెర మీద పడింది. ఆ ప్రశ్న కింద మూడు గుండ్రాలున్నాయి. ఒకదాని పక్కన 'ఉన్నాయి', రెండోదాని పక్కన 'లేవు', మూడోదాని పక్కన 'తెలీదు'. తెర మొత్తం పుస్తకాల తెలుగే. 'నివాస ప్రాంతం' అని ఉంది, 'వైవాహిక స్థితి' అని ఉంది. ఆ ఒక్క మాట మాత్రం ఎవరో నోటితో అన్నట్టే ఉంది.

"సిస్టరమ్మా, ఆ మూడోది ఎవరైనా నొక్కుతారా?" అని అడిగాను.

"అదొక పీడ సార్. మూడిట్లో ఏదో ఒకటి నొక్కకుంటే ముందుకు పోనీదు. తెలీదు అని నొక్కితే ఆపరేషన్ కాయితం అచ్చే కాదు, మల్లా పోయి అడుక్కొని రావాల. ఏ మహాతల్లి పెట్టిందో గాని, మా పానాలు తీస్తాండాది."

మహాతల్లి అని ఆమె ఊరికే అన్నది గాని, ఎవరు పెట్టారో నాకు తెలుసు. బల్ల మీద కూర్చున్నాను. చాలా ఏళ్ళ తర్వాత అక్క గుర్తుకొచ్చింది.

అప్పట్లో మా ఆఫీసు నంద్యాలలోనే, సంజీవనగర్ గేటుకు ఇవతల, ఒక బట్టల కొట్టు మీద మేడగది. చిన్న చిన్న నర్సింగ్ హోములకూ, రక్తపరీక్షల ల్యాబులకూ, మందుల షాపులకూ సాఫ్ట్‌వేరు రాసి ఇచ్చేవాళ్ళం. కింద చీరలు, పైన మేము. అక్క మాతోపాటే పనిచేసేది, నాకంటే కొంచెం పెద్దది, మాకందరికీ అక్క. రోజూ ఆళ్ళగడ్డ నుంచి బస్సులో వచ్చేది. డబ్బాలో జొన్నరొట్టె, బుడ్డల పొడి, అదే వేరుశనగ పొడి. వచ్చి కూర్చోగానే చేసే మొదటి పని, వేలి కణుపుతో కంప్యూటరు నెత్తిన టక్ టక్ మని తట్టి, చెవి దగ్గరపెట్టి వినడం.

"ఏం వినపడతాందక్కా?" అని మేము ఎగతాళి చేసేవాళ్ళం.

"రాయి బాగుంటే గంట మాదిరి పలుకుతాదప్పా. లోపల పగులుంటే కుండ మాదిరి పలుకుతాది."

"ఇది రాయి కాదు కదక్కా."

"అందుకే గదా బయం. ఇది ఎట్లున్నా ఒకేలాగ పలుకుతాది."

వాళ్ళ నాయన ఆళ్ళగడ్డలో విగ్రహాలు చెక్కేవాడు. తట్టి వినడం ఆమెకు ఆయన దగ్గర అబ్బిన అలవాటు. భయం మాత్రం ఆమె సొంతం. అంత భయపడే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. రాసిన ప్రోగ్రాము నడిపించేటప్పుడు అరచేత్తో తెర మూసేసి, వేళ్ళ సందుల్లోంచి చూసేది. ఒక్క తప్పు కూడా రాకుండా నడిచిందంటే ఇంకా భయపడేది. "మొదటితూరికే నడిచిందంటే ఏదో దాస్తాంది" అనేది. మరీ భయమేస్తే చెయ్యి తీసి నెత్తి మీద పెట్టుకునేది. నడినెత్తిన, వాన పడుతున్నప్పుడు కప్పుకున్నట్టు. ఆ చెయ్యి నెత్తి మీదికి పోయిందంటే మా ఆఫీసులో ఆ పూట పని ముందుకు కదలదని అర్థం.

ఆ చెయ్యి సంగతి ఒకరోజు భోజనాల దగ్గర ఆమే చెప్పింది. వాళ్ళ నాయన కొట్టంలో ఎప్పుడూ మొండేలు ఉండేవట. మన పక్క నాయకుల విగ్రహాలకు గిరాకీ ఎక్కువ. ఎవరి విగ్రహం అడుగుతారో ముందే చెప్పలేం గాని, అందరూ కట్టేది పంచె, అందరూ ఎత్తేది ఒక చెయ్యి. అందుకని పని లేని రోజుల్లో ఆయన పంచె, కండువా, ఎత్తిన చెయ్యి అన్నీ చెక్కి పెట్టేసేవాడు. తల చోట మాత్రం రాయిని ముద్దగా వదిలేసేవాడు. ఆర్డరు వచ్చినాక ఆ ముద్దలోంచి వాళ్ళకు కావలసిన మొగం తీసేవాడు. కండ్లయితే మరీ కడపట. విగ్రహం కొనేవాళ్ళు వచ్చి ఎదురుగా నిలబడితే తప్ప కండ్లు తెరవగూడదని వాళ్ళ ఇంటి కట్టడి.

"నీళ్ళ కుండ ఆ కొట్టం చివర ఉండేదప్పా. నీళ్ళు తాగాలంటే వాటి మధ్యలోంచి పోవాల. అన్నీ చెయ్యెత్తుకొని నిలబడి ఉంటాయి, తలకాయ ఉండదు. నా తల అడుగుతాయేమో అని బయం. నెత్తిన చెయ్యి పెట్టుకొని పరిగెత్తేదాన్ని."

మేమంతా పగలబడి నవ్వాం. ఆమె నవ్వలేదు.

మేము రాసేది సీ షార్ప్ అనే కంప్యూటరు భాషలో. అందులో ప్రతిదీ ఏదో ఒక రకానికి చెందాలి. అంకె ఒక రకం, తేదీ ఒక రకం, అవునా కాదా అనే జవాబు ఒక రకం, చివరికి రోగి కూడా ఒక రకమే. పేరు తెమ్మంటే ఒక పద్ధతిగా రాయాలి, పుట్టినరోజు తెమ్మంటే అవే వరుసలు కొంచెం మార్చి మళ్ళీ రాయాలి, షుగరు తెమ్మంటే మళ్ళీ రాయాలి. రాసిందే రాసి మా వేళ్ళు అరిగిపోతుంటే, ఓనరేమో ఇంకా కాలేదా అని ఒకటే కేకలు. అక్క చూసి చూసి ఒక చిన్న ఫంక్షన్ రాసింది, పేరు పెట్టి పిలిస్తే వచ్చి పని చేసిపెట్టే నాలుగు వరుసల ముక్క. 'తెచ్చివ్వు' అని పేరు పెట్టింది. ఏ రోగిది కావాలో చెప్పు, ఏది కావాలో చెప్పు, అది ఏ రకమైనా సరే, రోగుల వివరాలుండే పెట్టెలో వెతికి తెచ్చి చేతిలో పెడుతుంది. 'ఇక్కడ ఏ రకమైనా రావచ్చు' అని చెప్పడానికి ఆ భాషలో టీ అనే ఇంగ్లీషు అక్షరం పెడతారు. అక్క దాన్ని టీ అనలేదు ఎప్పుడూ. ముద్దతల అనేది. "ఈడ ముద్దతల పెట్టినా, మీకు ఏ తల కావాలంటే ఆ తల పెట్టుకోండి" అని మాకు చూపించింది.

మాకు ఏనుగెక్కినంత సంబరమైంది. సగం పని తగ్గిపోయింది. ఎవరు ఏం రాస్తున్నా మధ్యలో 'తెచ్చివ్వు' పడాల్సిందే. మందుల షాపుకు రాసేవాడు వాడాడు, ల్యాబుకు రాసేవాడు వాడాడు. ఓనరు ఆ వారం మా అందరికీ బిరియానీ తెప్పించాడు. అక్క ఆ బిరియానీ కూడా సరిగ్గా తినలేదు. ఆ రోజు నుంచి ఒక్కొక్కరి కుర్చీ వెనకాల వచ్చి నిలబడడం మొదలుపెట్టింది.

"ఏమప్పా, నా దాన్ని యాడ వాడతాండావ్?"

"ఇక్కడే అక్కా, మాత్రల పేర్లు తేవడానికి."

"ఇంకా యాడన్నా?"

"ఏమోనక్కా, గుర్తులేదు. బాగానే పనిచేస్తాందిలే."

"ఏమోనంటే ఎట్లప్పా? మొండేనికి తెలీదు గదా దాని మీద ఏ తలకాయ కూచుంటాదో. చెక్కినోళ్ళకన్నా తెలియాల."

ఇంకొకరైతే తను రాసినదాన్ని నలుగురు వాడుతుంటే కాలరెగరేసుకుని తిరుగుతారు. ఈమె అప్పు ఎవరికిచ్చిందో మరిచిపోయిన మనిషిలా ఒక్కొక్కరినీ అడుగుతూ తిరిగేది. మాకు నవ్వులాటగా ఉండేది. ఆమె వస్తుంటే "ముద్దతలమ్మ వస్తాంది" అనుకునేవాళ్ళం.

ఆ తర్వాత ఒక పొద్దున ఆళ్ళగడ్డ నుంచి ఫోనొచ్చింది. అక్కడి నర్సింగ్ హోము ఒకటి మా సాఫ్ట్‌వేరు కొత్తగా పెట్టించుకుంది. ఫోను చేసింది అక్కడి పెద్ద సిస్టరు. ఆమె గొంతు ఫోను లేకపోయినా నంద్యాలకు వినపడేటట్టుంటుంది. ఏదో చెడిపోయిందని తిట్టడానికే చేసిందనుకున్నాను. కాదు, మెచ్చుకోవడానికి చేసింది.

"శానా బాగుందప్పా మీ కంప్యూటరు. మాకు సగం పని తప్పింది. పడని మందులు ఉండాయా అనే కాడ మేము అడక్కపోయినా, నింపకపోయినా, లేవు అని అదే వేసుకుంటాంది. ఆపరేషన్ కాయితం చకచకా అచ్చయి వస్తాంది."

మా కంప్యూటరుకు పొగడ్త రావడం అదే మొదలు. నేను మురిసిపోయి, ఫోను పెట్టేసి, ఆ మాట అక్కకు చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. చెయ్యి నెత్తి మీదికి పోయింది.

"ఏమన్నాది? మల్లా చెప్పు."

మళ్ళీ చెప్పాను. ఆమె మొగంలో నెత్తురు లేదు. తెర మీద 'తెచ్చివ్వు' తెరిచి, కిందినుంచి రెండో వరుస మీద వేలు పెట్టింది.  అప్పుడు నాకు విడమరిచి చెప్పింది. అడిగింది పెట్టెలో లేకపోతే ఈ ఫంక్షన్ ఒట్టి చేతులతో తిరిగి రాదు. అడిగిన రకంలోనే ఒక ఉత్తదాన్ని పట్టుకొస్తుంది. ఆ భాష స్వభావమే అంత. అంకె అడిగితే సున్నా తెస్తుంది. షుగరు సున్నా అని వస్తే ఎవరైనా పట్టుకుంటారు, సున్నా షుగరుతో మనిషి బతికుండడు. కానీ అవునా కాదా అని అడిగితే అది తెచ్చే ఉత్తది 'కాదు'. ఆ 'కాదు' పోయి కాగితం మీద 'పడని మందులు: లేవు' అని అచ్చవుతోంది. ఎవరూ అడగకుండానే, ఎవరూ చెప్పకుండానే. నిజంగా అడిగి, లేవని తెలుసుకుని రాసినా అదే అక్షరం, అదే సిరా. చూసేవాళ్ళకు తేడా ఎక్కడిది?

నాకు అప్పుడు అర్థమైంది. 

"పొయ్యి చెయ్యప్పా ఫోను. ఈ పొద్దు ఆపరేషన్లు ఉండాయా అడుగు."

చేశాను. మోగుతోంది, ఎత్తేవాళ్ళు లేరు. మళ్ళీ చేశాను. ఒక ఆయా ఎత్తింది. "సిస్టరమ్మ ఆపరేషన్‌లోకి పొయినాది. కాన్పు కేసు. కడుపు కోసి తీస్తాండారు" అని చెప్పి పెట్టేసింది. ఇంకోసారి చేస్తే ఎంగేజి.

ఓనరు ఊళ్ళో లేడు. అక్క చెప్పులు కూడా సరిగ్గా వేసుకోలేదు. "బండి తియ్యి, పోదాం పా" అంది.

ఆ దారి నాకు ఇప్పటికీ కలల్లో వస్తుంది. నంద్యాల దాటేదాకా ట్రాక్టర్లు, గేదెలు, ఎదురుగా వచ్చే ఆటోలు. దాటాక ఎడమచేతి పక్క దూరంగా నల్లమల కొండలు ఎంతసేపు పోయినా అక్కడే ఉన్నాయి, మేము కదలడం లేదేమో అనిపించేది. వెనకాల అక్క ఒక చేత్తో ఫోను చెవికి పెట్టుకుని, రెండో చెయ్యి నెత్తిన పెట్టుకుని కూర్చుంది. బండిని పట్టుకోవడానికి ఆమెకు మూడో చెయ్యి లేదు. పడిపోతుందని నాకు భయం. ఆమెకు ఆ భయమే లేదు. శిరివెళ్ల మెట్ట దగ్గర ఒక లారీ అడ్డం వచ్చి బ్రేకు వేస్తే ఆమె తల నా వీపుకు కొట్టుకుంది. "నిలపాకప్పా, నిలపాక" అంది. అంతే. మళ్ళీ ఫోను చెవికి ఆనించుకుంది. నేను మటుకు నాకు తెలిసిన దేవుళ్ళందరికీ దండం పెట్టుకున్నాను. అహోబిలం నరసింహస్వామికి కొండెక్కి వస్తానని మొక్కాను. మొక్కిన తర్వాత, ఈ సరికి జరిగేది జరిగిపోయుంటుందేమో, మొక్కి ఏం లాభం అనిపించి ఇంకా భయమేసింది.

నర్సింగ్ హోము వాకిట్లో చెప్పుల గుట్ట. ఆపరేషన్ గది మీద ఎర్రబల్బు వెలుగుతోంది. తలుపు పక్కన గోడకానుకుని ఒక పెద్దావిడ కింద కూర్చుని ఉంది. చేతిలో ఫ్లాస్కు, ఒడిలో కాగితాల కవరు. లోపలున్న పిల్లకు తల్లి అని తెలుస్తూనే ఉంది. అక్క ఆమె ముందు గొంతుక్కూర్చుని కవరు తీసుకుంది. పై కాగితం మీద మా అచ్చు, మా గీతలు. 'పడని మందులు: లేవు.'

"అమ్మా, నీ బిడ్డకు ఏమన్నా మందు పడదా? సూదిగానీ, మాత్రగానీ? ఎవురన్నా అడిగినారా నిన్ను?"

"నన్నెవురు అడుగుతారు తల్లీ? అంతా కంప్యూటర్లోనే ఉందంట."

"పడదా మరి?"

"ఒకతూరి పాములపాడులో జరమొస్తే సూదేసినారు. ఏసిన రోంతసేపటికే ఒళ్ళంతా దద్దుర్లు లేసి, గొంతు పూడుకపొయి, పిల్ల దక్కుతాదనుకోలే. ఇంగ ఆ సూది జన్మలో ఏపిచ్చగూడదన్నారు. పేరు ఏందో... పెన్సిలో ఏదో."

అక్క లేచింది. ఆపరేషన్ గది తలుపును అరచేత్తో కొట్టడం మొదలుపెట్టింది. ఆ పెద్దావిడ ఏమైందో అర్థం కాక "ఏందమ్మా, ఏమైందమ్మా నా బిడ్డకు" అని ఏడుపందుకుంది. ఆయా వచ్చి అక్క చెయ్యి లాగుతోంది. నేను ఎవరిని పట్టుకోవాలో తెలియక నిలబడ్డాను.  తలుపు తెరుచుకుని పెద్ద సిస్టరు మాస్కుతో బయటికొచ్చింది.

"ఎవురే అది, తలుపులు ఇరగ్గొడతాండేది? లోపల ఆపరేషన్ ఐతాంది, తెలీదా?"

"ఆ పిల్లకు పెన్సిలిన్ సూది ఏసినారా?"

"నువ్వెవురు అడిగేదానికి?"

"ఏసినారా లేదా చెప్పు తల్లీ, నీ కాళ్ళు మొక్కుతా."

సిస్టరు ఒక క్షణం ఆమె మొగం చూసి, గొంతు తగ్గించింది.

"లేదు లేమ్మా. ముందు రోంత చేతికి పొడిచి చూసినా. ఎర్రగా లేసింది. డాక్టరమ్మకు చెప్పి వేరేది ఏపిచ్చినాం. నా సర్వీసంతా అట్లే చేసినా, కంప్యూటరు చెప్పిందని మానుకుంటానా?"

నేను గోడకు ఆనుకున్నాను. దేవుడా అనుకున్నాను. సిస్టరు లోపలికి పోతూ పోతూ ఇంకో మాట అనేసి పోయింది.

"నేనుండబట్టి చూసినా. కొత్తగా వచ్చిన పిల్లోళ్ళు యాడ చూస్తాండారు? కాయితంలో లేవు అనుండాది గదా, మల్లా పొడిసేది ఏమిటికి అంటాండారు."

కాసేపటికి లోపల పసిబిడ్డ ఏడ్చింది. పెద్దావిడ ఫ్లాస్కు పక్కన పెట్టి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. అక్క మాత్రం మెట్ల మీద కూలబడింది. నేను ధైర్యం చెబుదామని "ఏం కాలేదు కదక్కా" అన్నాను.

"నన్నెవురూ అడగలే. ఆ పిల్లను నేను చూడనన్నా చూడలే. చూడకుండానే ఆ పిల్ల తరఫున లేవు అని చెప్పేసినా గదప్పా. ఎంతమందికి చెప్పినానో, ఇంకా యాడేడ చెప్తాండానో."

ఆళ్ళగడ్డ దాకా వచ్చాం కదా అని అటునుంచి వాళ్ళ నాయన కొట్టానికి తీసుకెళ్ళింది. ముసలాయన కనురెప్పల నిండా రాతిపొడి. ఉలి ఆపకుండానే, "ఏందే, పట్టపగలే వచ్చినావు, పీకేసినారా?" అన్నాడు. ఆమె నేరుగా పోయి కుండలో నీళ్ళు ముంచుకుని తాగింది. తిరిగి వస్తూ ఒక మొండెం ముందు ఆగింది. పంచె మడతలు, కండువా అంచు, ఎత్తిన చేతి గోళ్ళు కూడా నున్నగా తీర్చి ఉన్నాయి. మెడ మీద మాత్రం గరుకుగా, ఉలిదెబ్బల గుంటలతో, గుమ్మడికాయంత రాయి. ఆ కొట్టంలో అన్నేళ్ళు నెత్తిన చెయ్యి పెట్టుకుని పరిగెత్తిన మనిషి, ఆ చెయ్యే చాపి ఆ ముద్దను తడిమింది.

"చూడప్పా. మా నాయన దీన్ని ఊరికే గరుకుగా వదల్లే. రోంత నున్నగా చేసినాడంటే, చూసేటోడు ఇదే తల అనుకుంటాడు. తల ఇంకా లేదని తెలియాలంటే ఇంత ముద్దగానే ఉండాల. నేను నున్నగా చేసేసినా."

మరుసటి రోజు వచ్చి 'తెచ్చివ్వు' మెడ విరిచేసింది. లేనిచోట ఉత్తది తెచ్చే వరుస కొట్టేసింది. అంతే, అప్పటిదాకా దాన్ని వాడిన చోటల్లా తెర మీద తప్పుందని చూపే ఎర్రగీతలు పడ్డాయి. అవునా కాదా అనే చోట మూడో జవాబు కూడా ఒకటి ఉండాలని పట్టుబట్టింది. ఆ మూడోది వస్తే పని అక్కడికక్కడే ఆగిపోవాలి. ఓనరు వచ్చి చూసి నెత్తీనోరూ కొట్టుకున్నాడు.

"పనిచేస్తాండేదాన్ని ఏమిటికి చెడగొడతావు తల్లీ?"

"అది పనిచేయలేదు సార్. అడక్కుండానే జవాబు చెప్తాండె."

"సరే, నమోదు కాలేదు అని పెట్టు. మర్యాదగా ఉంటాది."

"నమోదు కాలేదంటే ఎవురికీ బయం పుట్టదు సార్. తెలీదు అంటే పుడతాది. లేచి పోయి అడుగుతారు."

ఓనరు అరిచాడు, బతిమాలాడు. ఆమె చెయ్యి నెత్తి మీద పెట్టుకుని కూర్చుంది, మాట మార్చలేదు. ఆ ఎర్రగీతలన్నీ పోయేదాకా మమ్మల్ని ఇంకో పని ముట్టుకోనివ్వలేదు. మేము తిట్టుకుంటూ చేశాం. ఆ తర్వాత ఎవరైనా అందరికీ పనికొచ్చే ఫంక్షన్ రాశానని సంబరంగా వస్తే, ఆమె అడిగే ప్రశ్న ఒక్కటే. "నీకు తెలీనిది అడిగితే ఇదేం చెప్తాది?" దానికి జవాబు లేకపోతే వెనక్కి పంపేది.

తర్వాత మేమంతా తలో దిక్కూ అయ్యాం. ఓనరు సాఫ్ట్‌వేరు ఎవరికో అమ్మేశాడు. రంగులు మారాయి, పేరు మారింది. అక్క బెంగళూరు పోయిందని ఒకరన్నారు, ఆ పనే మానుకుని పిల్లలకు లెక్కలు చెప్పుకుంటోందని ఒకరన్నారు. ఆ మూడో గుండ్రం మాత్రం, అమ్మినా కొన్నా, తెరలు మార్చినా, ఎవరూ తీసేయలేదు. తీసేస్తే ఏం జరుగుతుందో అని వాళ్ళకూ భయమేసి ఉంటుంది.

ఇదంతా తలుచుకుంటూ ఆసుపత్రి బల్ల మీద కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను. నిలపాకప్పా అన్న మాట, మెట్ల మీద ఆమె కూలబడడం కళ్ళకు కట్టాయి. చూడకుండానే ఆ పిల్ల తరఫున లేవు అని చెప్పేసినా గదప్పా.

నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఇందాక సిస్టరమ్మ నన్ను అడిగింది. పడని మందులు ఉండాయా అని. లేవమ్మా అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. లేవని నాకెవరు చెప్పారు? మా ఆవిడను నేనెప్పుడైనా అడిగానా? ఇన్నేళ్ళ కాపురంలో చీర కావాలా అని అడిగాను, సినిమాకు వస్తావా అని అడిగాను, కూరలో ఉప్పెందుకు తగ్గిందని వేయిసార్లు అడిగాను. ఈ మాట ఎన్నడూ అడగలేదు. నా దగ్గర జవాబు లేదు. లేని జవాబుకు బదులు నోటికొచ్చిన ఉత్తది తెచ్చి సిస్టరమ్మ చేతిలో పెట్టాను.

 లేచి కౌంటరు దగ్గరికి పరిగెత్తాను. సిస్టరమ్మ అప్పటికే కాగితం అచ్చు తీసి, స్టాంపు వేసి, లోపలికి పంపడానికి పక్కన పెట్టి ఉంది.

"సిస్టరమ్మా, ఆ కాగితం ఆపండి. ఇందాక లేవన్నాను. అది అడిగి చెప్పింది కాదు. లోపలికి పోయి మా ఆవిడనే అడగండి."

"ఏంది సార్, ఇప్పుడే గదా లేవంటిరి. అంతా అచ్చయిపాయె."

"నీకు దండం పెడతాను తల్లీ, ఒక్కసారి అడిగి రా."

ఆమె విసుక్కుంటూ లేచి లోపలికి పోయింది. తలుపు మూసుకుంది. నేను ఆ తలుపు వైపే చూస్తూ నిలబడ్డాను. పక్కనున్న పెద్దాయన నన్ను వింతగా చూస్తున్నాడు. ఎందుకా అనుకుంటే, నా చెయ్యి నా నెత్తి మీద ఉంది.

తలుపు తెరుచుకుంది. సిస్టరమ్మ మొగంలో విసుగు లేదు. వచ్చీ రావడంతోనే ఆ కాగితం తీసి రెండుగా చించింది. కుర్చీలో కూర్చుని, తెర మీద నొక్కి ఉన్న గుండ్రాన్ని మార్చింది. అప్పుడు తలెత్తి నావైపు చూసింది.

"చిన్నప్పుడు ఏదో సూదికి గొంతు పట్టేసి, మొగమంతా వాచిపాయెనంట సార్. పేరు కూడా చెప్పినాది. ఇప్పుడు మేము ఏద్దామనుకునింది అదే. ఇంట్లో మనిషి, మీకు తెలీదా సార్?"

"తెలీదమ్మా," అన్నాను.